కారు అద్దం ఎందుకు లేవలేదు?

(చదువు నేర్చుకున్న మహిళల సాయంకాలం తరగతిలో ఒక డ్రైవరమ్మ చెప్పిన మాటలు)

 

వచ్చి నాలుగు మాటలు చెప్పమని టీచరమ్మ కబురు పెట్టారు. "నాకేం తెలుసమ్మా! బండి నడపడం ఒక్కటే తెలుసు" అన్నాను. "అయితే బండి సంగతే చెప్పు" అన్నారు. సరే, బండి సంగతే చెబుతాను. అది కూడా బండి మొత్తం కాదు. బండి తలుపులో ఉండే అద్దం సంగతి ఒక్కటే చెబుతాను.

అద్దం గురించి చెప్పడానికి ఏముంది అనుకుంటున్నారు కదూ? నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఆ అద్దం మా చేత 3,800 రూపాయలు ఖర్చు పెట్టించింది. అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు మన ఊళ్లలో కూడా చాలా ఇళ్ల ముందు కార్లు కనిపిస్తున్నాయి. కొత్తవి కావు. పట్నంలో ఎవరో పదేళ్లు వాడి అమ్మేసినవి. అప్పు చేసి కొంటాం. మీ ఆయనో, మీ అబ్బాయో కిరాయికి తిప్పుతారు. పెళ్లికి, ఆసుపత్రికి, తిరుపతికి పోతారు. బండి ఒక రోజు షెడ్డులో ఉంటే ఆ రోజు కూలి పోయినట్టే. నెల వాయిదా మాత్రం ఆగదు.

పాత రోజుల్లో కారు అద్దానికి పిడి ఉండేది. పిడి తిప్పితే అద్దం లేచేది, దిగేది. తర్వాత కరెంటు అద్దాలు వచ్చాయి. పవర్ విండో అంటారు. మీట నొక్కితే చాలు. హాయిగానే ఉంటుంది. కాని పాడైతే ఏం పాడైందో కనపడదు. అంతా తలుపు లోపల ఉంటుంది. షాపతను ఏది చెబితే అది నమ్మాలి.

మాకు ఏం జరిగిందో చెబుతాను, వినండి.

అది వానాకాలం. ఒక బాలింతను విజయవాడ ఆసుపత్రి నుంచి నూజివీడు తీసుకొస్తున్నాం. ఐదు రోజుల పసిగుడ్డు. మా ఆయన నడుపుతున్నారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక బాలింత, వాళ్లమ్మ. ఆగిరిపల్లి దాటామో లేదో, కుండపోతగా వాన. అద్దాలు ఎత్తమన్నారు మా ఆయన. మూడు అద్దాలు లేచాయి. వెనక ఎడమ వైపు అద్దం లేవలేదు. బాలింత కూర్చున్నది సరిగ్గా అక్కడే. మీట నొక్కినా చప్పుడు లేదు. వాన జల్లు బిడ్డ మీద పడుతోంది. బండి ఆపి, నా సంచిలో ఉన్న చీర తీశాను. తలుపు తెరిచి చీరను అంచు మీద పరిచి, మళ్లీ తలుపు వేసి బిగించాను. చీర తడిసింది గాని బిడ్డ తడవలేదు. ఇంటికి చేరేదాకా నా గుండె కొట్టుకుంటూనే ఉంది.

మర్నాడు షాపుకు తీసుకెళ్లాం. ఏ షాపో చెప్పను. అతను ఒక్క నిమిషం చూశాడు. "మోటారు కాలిపోయింది. కొత్తది వెయ్యాలి. 3,800 అవుతుంది" అన్నాడు. సాయంత్రానికి అద్దం లేచింది. డబ్బు కట్టాం. ఒక కాగితం ఇచ్చాడు. మడిచి సంచిలో పెట్టుకున్నాను. అప్పటికి నాకు చదువు రాదు.

నెలన్నర గడిచింది. మళ్లీ అదే అద్దం, అదే మొండితనం. ఈసారి విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. అక్కడ ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఆయన పానా పట్టుకోలేదు. స్క్రూడ్రైవరు కూడా తీయలేదు. "అమ్మా, ఆ తలుపు సగం తెరువు. మెల్లగా అటూ ఇటూ ఊపుతూ ఉండు. నేను మీట నొక్కుతాను" అన్నాడు. నేను తలుపు ఊపుతున్నాను. ఒకచోట అద్దం ఠక్కున కదిలింది! ఇంకొంచెం తెరిస్తే ఆగిపోయింది. ఆయన నవ్వాడు. "మోటారు బంగారంలా ఉంది. వైరు తెగింది" అన్నాడు.

ఎక్కడ తెగిందో చూపించాడు. తలుపుకు, బండికి మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. వైర్లన్నీ దానిలోంచి తలుపులోకి వెళతాయి. తలుపు తెరిచినప్పుడల్లా ఆ వైర్లు వంగుతాయి. మూసినప్పుడల్లా మళ్లీ వంగుతాయి. ఇనప తీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుంది? తెగుతుంది కదా! అలాగే తెగింది. కిరాయి బండిలో జనం ఎక్కేది, దిగేది ఎక్కువగా వెనక ఎడమ తలుపు నుంచే. అందుకే ఆ తలుపు వైరే ముందు తెగింది.

మరి మొదటి షాపులో ఎలా బాగైంది? అతను తలుపు విప్పినప్పుడు వైరు కదిలింది. తెగిన పోగులు మళ్లీ ఒకదానికొకటి తగిలాయి. నెలన్నర పని చేసి మళ్లీ విడిపోయాయి. అంతే. ముసలాయన తలుపు లోపలి అట్ట విప్పాడు. దాన్ని డోర్ ప్యాడ్ అంటారు. మోటారు చూపించాడు. దాని బోల్టులకు ఏళ్లనాటి దుమ్ము, తుప్పు పట్టి ఉన్నాయి. పానా తగిలిన గుర్తే లేదు. అది మా పాత మోటారే!

ముసలాయన తీసుకుంది 250 రూపాయలు. మెత్తటి కొత్త వైరు ముక్క వేసి, టంకం పెట్టి, పైన గొట్టం తొడిగాడు. ఉత్త టేపు చుట్టి వదిలితే ఆరు నెలల్లో మళ్లీ వస్తావమ్మా అన్నాడు. తలుపు ఎంత తెరిచినా లాగకుండా వైరు కాస్త వదులుగా ఉంచాడు.

ఆ రోజే ఆయన పక్కన నిలబడి అడగడం మొదలుపెట్టాను. ఇదేంటి, అదేంటి అని. ఆయన విసుక్కోలేదు. అక్కడున్న కుర్రాళ్లు మాత్రం నవ్వారు. "ఆడవాళ్లకు ఎందుకండీ బండి రిపేరు" అన్నారు. నవ్వనివ్వండి. 1888లో జర్మనీ దేశంలో బెర్తా బెంజ్ అనే ఆవిడ కారు నడుపుకుంటూ పుట్టింటికి పోయింది. ఆ కారు చేసింది ఆమె భర్త కార్ల్ బెంజ్. ఆయనకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, సుమారు 100 కిలోమీటర్లు వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టానికి అడ్డం పడితే, టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుందట. కారుతో అంత దూరం పోవడం లోకంలో అదే మొదలు. అంటే దారిలో మొదటి రిపేరు చేసిన చేతుల్లో ఆడచేతులున్నాయి. ఈ కథ కూడా నాకు చదువు వచ్చాకే తెలిసింది.

సరే, మన అద్దం దగ్గరికి వద్దాం.

తలుపు లోపల ఏముందో ముందు తెలియాలి. బావిని తలుచుకోండి. బొక్కెన, చేంతాడు, గిలక, తోడే మనిషి. తలుపులో కూడా ఇంచుమించు అవే. అద్దమే బొక్కెన. సైకిలు బ్రేకు తీగలాంటి తీగ ఉంటుంది. అది చేంతాడు. చిన్న గిలకలు ఉంటాయి. తోడే మనిషి మోటారు. కొన్ని బండ్లలో తీగ బదులు కత్తెరలాంటి ఇనప చేతులుంటాయి. ఈ సరంజామాను షాపుల్లో అద్దం మిషన్ అంటారు. మోటారు వేరు, మిషన్ వేరు. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక కరెంటు దారి. బ్యాటరీ నుంచి ఫ్యూజుకు, ఫ్యూజు నుంచి స్విచ్చుకు, స్విచ్చు నుంచి వైరు మీద మోటారుకు. కాలువ నీళ్లు మన చేనుకు రాకపోతే ఏం చేస్తాం? చేను తవ్వం. కాలువ గట్టెక్కి, నీళ్లు ఎక్కడ ఆగాయో చూసుకుంటూ పోతాం. ఇదీ అంతే. మోటారు చివరి చేను. ఖరీదైనది కూడా అదే. దాన్ని చివరికి చూడాలి. కొన్ని షాపుల్లో ముందు దాన్నే చూస్తారు!

ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి. పాడైంది ఒక్క అద్దమా, అన్ని అద్దాలా?

అన్నీ ఒకేసారి ఆగితే లోపం తూము దగ్గర ఉంది. తాళం చెవి తిప్పారో లేదో చూడండి. చాలా బండ్లలో చెవి తిప్పనిదే అద్దాలకు కరెంటు రాదు. తిప్పినా రాకపోతే ఫ్యూజు చూడాలి. నాలుగు మోటార్లు ఒకే రోజు పోవు. ఎవరైనా అలా చెబితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఒక్కటే ఆగితే లోపం ఆ తలుపులోనే ఉండవచ్చు. కాని తొందరపడొద్దు. డ్రైవరు తలుపు మీద నాలుగు మీటలుంటాయి. వాటి పక్కన ఇంకో చిన్న మీట ఉంటుంది. దాని మీద అద్దం బొమ్మ, దాని మీద గీత ఉంటాయి. అది పిల్లల కోసం పెట్టిన తాళం. దాన్ని నొక్కితే వెనక మీటలు పని చెయ్యవు. మాకు తెలిసినాయన ఒకాయన వెనక అద్దాలు రెండూ పోయాయని ఏలూరు దాకా బండి తీసుకుపోయాడు. షాపులో కుర్రాడు ఆ చిన్న మీట నొక్కి, రెండు అద్దాలూ దించి చూపించి, టీకి డబ్బులు అడిగాడట. పాపం, బండి తుడిచేటప్పుడు ఆయన గుడ్డే ఆ మీటకు తగిలింది.

ఆ తాళం కాదని తేలితే చెవి ఒగ్గి వినండి. ఇంజను ఆపండి. చెవి మాత్రం తిప్పి ఉంచండి. పంకా, పాటలు అన్నీ ఆపండి. రాత్రిపూట అయితే ఇంకా మంచిది. లోపలి లైటు వేసి మీట నొక్కండి.

చప్పుడే లేదు, లైటు కూడా కదలలేదు. అంటే కరెంటు మోటారు దాకా పోవడం లేదు. లేదా మోటారు లోపల తెగింది.

గుయ్యిమని చప్పుడు వస్తోంది, అద్దం మాత్రం కదలడం లేదు. అంటే మోటారు బాగుంది. చేంతాడు తెగింది. అద్దం మిషన్ పోయింది. ఒక్కోసారి తలుపులో కటకటమని తీగ నలిగిన చప్పుడు కూడా వస్తుంది. అప్పుడు ఎవరైనా మోటారు మార్చాలంటే ఒప్పుకోవద్దు. కొన్ని బండ్లకు మాత్రం మోటారు, మిషన్ కలిపే అమ్ముతారు. అది అడిగి తెలుసుకోండి.

మూడోది. టక్కుమని ఒక్క చప్పుడు. లోపలి లైటు కాస్త మసకబారింది. అద్దం కదలలేదు. అంటే కరెంటు వస్తోంది, మోటారు లాగుతోంది, కాని ఏదో పట్టేసింది. రబ్బరులో అద్దం ఇరుక్కుంది, లేకపోతే మోటారు బిగుసుకుంది. అప్పుడు మీట నొక్కి పట్టుకుని ఉండకండి. మోటారు వేడెక్కుతుంది. చాలా మోటార్లలో వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పిల్లలు ఆటగా పదిసార్లు ఎత్తి దించితే అద్దం ఆగిపోయేది అందుకే. కాసేపు వదిలేస్తే మళ్లీ పని చేస్తుంది. దాన్ని చూసి మోటారు కాలిందని కంగారు పడొద్దు.

ఇప్పుడు ఇది చూడండి. ఒకరి చేతినుంచి ఒకరికి ఇవ్వండి. ఇదే ఫ్యూజు. గోరంత ఉంది కదా! పైన ఏం రాసి ఉంది? చదవండి. అవును, 30. రంగు ఆకుపచ్చ. ఇంకొకటి పసుపు పచ్చది. దాని మీద 20. ఈ రకం ఫ్యూజులకు రంగు, అంకె ఎప్పుడూ జతగా ఉంటాయి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. అద్దాలకు ఎక్కువగా 20 గాని 30 గాని వాడతారు. మధ్యలో సన్నటి లోహపు వంతెన కనపడుతోందా? కరెంటు ఎక్కువైతే అది కరిగిపోతుంది. అది కరిగితే వైరు బతుకుతుంది. వంతెన తెగి ఉంటే ఫ్యూజు పోయినట్టు.

ఫ్యూజుల పెట్టె ఎక్కువ బండ్లలో స్టీరింగు కింద ఉంటుంది. ఇంజను పక్కన ఇంకొకటి ఉండవచ్చు. మూత తిప్పి చూడండి. మూత లోపల పట్టిక ఉంటుంది. అంతా ఇంగ్లీషే. భయపడొద్దు. అద్దం బొమ్మ గాని, పి, డబ్ల్యు అనే రెండు అక్షరాలు గాని వెతకండి. అంకెలు మనకు వచ్చినవే. నేను మొదటిసారి ఆ మూత మీద 30 అని చదివిన రోజు మా ఆయనను పిలిచి మరీ చూపించాను.

తాళం చెవి తీసేసి, అప్పుడు ఫ్యూజు లాగండి. పోయిన దాని మీద ఎంత అంకె ఉందో అంతే అంకె ఉన్నది వెయ్యండి. 20 బదులు 30 వేస్తే వైరు కాలుతుంది. కొందరు రాగి తీగ చుడతారు. సిగరెట్టు పెట్టెలోని తగరం కాగితం కూడా పెడతారు. అలా పెడితే ఫ్యూజు బదులు బండి అంటుకుంటుంది. కొత్త ఫ్యూజు వెయ్యగానే మళ్లీ పోయిందా? అప్పుడు ఇంకో ఫ్యూజు వెయ్యకండి. ఎక్కడో వైరు ఒరుసుకుని ఇనుముకు తగులుతోంది. అది ఎలక్ట్రీషియన్ చూడాలి.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. కారు బ్యాటరీ 12 వోల్టులు. అది మనిషికి షాకు కొట్టదు. కాని ఇనుము అడ్డం పడితే నిప్పులు వస్తాయి. మనకు చేతులకు గాజులుంటాయి, ఉంగరాలుంటాయి. మట్టిగాజులు ఫరవాలేదు. లోహపు గాజు బ్యాటరీకి, బండి ఇనుముకు ఒకేసారి తగిలిందంటే ఎర్రగా కాలిపోతుంది, చెయ్యి కూడా కాలుస్తుంది. గాజులు, ఉంగరాలు తీసి కొంగున కట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. ఈ మాట మగ మెకానిక్కులు ఎవరూ నాకు చెప్పలేదు. వాళ్లకు గాజులు లేవు కదా!

ఫ్యూజు బాగుంటే స్విచ్చు. వాన జల్లు, టీ, పిల్లల బిస్కట్ల పొడి అన్నీ పడేది దాని మీదే. లోపల మసి పడుతుంది. పరీక్ష సులువు. వెనక రెండు తలుపుల స్విచ్చులు ఎక్కువగా ఒకేలా ఉంటాయి. బాగున్న దాన్ని తీసి పాడైన చోట పెట్టండి. అద్దం లేచిందా? స్విచ్చే దొంగ. డ్రైవరు దగ్గర మీటతో లేచి, వెనక మీటతో లేవకపోయినా స్విచ్చునే అనుమానించాలి. పాత బండ్లలో వెనక అద్దాలకు పోయే కరెంటు చాలావరకు డ్రైవరు తలుపులోని పెద్ద స్విచ్చు మీదుగా పోతుంది. కాబట్టి అది చెడితే వెనక అద్దం ఆగుతుంది. ఇది చాలామందికి తట్టదు.

తర్వాత వైరు. దాని కథ చెప్పాను కదా. తలుపు ఊపుతూ మీట నొక్కి చూడటం. పైసా ఖర్చు లేదు.

ఇక చివరి పరీక్ష, బల్బు. ఇదిగో, ఇదే నా ఆస్తి. కారు సైడు లైటులో వాడే 12 వోల్టుల బల్బు. రెండు వైర్లు టంకం పెట్టించాను. డోర్ ప్యాడ్ విప్పాక మోటారుకు వచ్చే ప్లగ్గు కనపడుతుంది. ప్లగ్గు ఊడదీసి దాని రెండు కాళ్లకు బల్బు వైర్లు ఆనించాలి. ఇంకొకరు మీట నొక్కాలి. ఎత్తే వైపు నొక్కినా వెలగాలి, దించే వైపు నొక్కినా వెలగాలి. ఎందుకంటే ఈ మోటారు రెండు వైపులా తిరుగుతుంది. కరెంటు ఇటునుంచి వస్తే ఒకవైపు, అటునుంచి వస్తే రెండోవైపు. ఒకవైపే వెలిగితే స్విచ్చును అనుమానించండి. రెండు వైపులా బాగా వెలిగి, మోటారు మాత్రం తిరగకపోతే మోటారు పోయింది. అప్పుడు డబ్బు ఖర్చు పెట్టాల్సిందే.

కాని ఇక్కడ ఒక మోసం ఉంది. మనిషి చేసేది కాదు, వైరు చేసేది. వైరులో ఇరవై, ముప్పై పోగులుంటాయి. అన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా బల్బు వెలుగుతుంది. బల్బుకు కొంచెం కరెంటు చాలు. మోటారుకు ఆ కరెంటు చాలదు. అందుకని బల్బు వెలిగినప్పుడు కూడా తలుపు ఊపి చూడాలి. బల్బు మినుకు మినుకుమంటే వైరే. ఇది ముసలాయన చెప్పిందే, నేను కనిపెట్టింది కాదు.

ఈ బల్బు పరీక్ష పాత బండ్లకే. ఈమధ్య వస్తున్న బండ్లలో తలుపుల్లో చిన్న చిన్న కంప్యూటర్లుంటాయి. వాటికి బల్బు పెట్టకండి. డోర్ ప్యాడ్ విప్పినా మిషన్‌లో వేళ్లు పెట్టకండి. ముందు బ్యాటరీ మైనస్ వైరు తీయించండి. కత్తెర చేతుల మిషన్‌కు స్ప్రింగు ఉంటుంది. మోటారు విప్పగానే అది విరుచుకుపడుతుంది. వేలు తెగుతుంది. ఆ పని మాత్రం నేను కూడా చెయ్యను.

అద్దం ఆగలేదు గాని ముసలెద్దులా మెల్లగా లేస్తోందనుకోండి. అదే ఎక్కువ బండ్ల జబ్బు. అద్దం జారే రబ్బరు పట్టీలో దుమ్ము పేరుకుంటుంది. మన రోడ్ల దుమ్ము తెలిసిందే. రబ్బరు ఎండి అద్దాన్ని పట్టేస్తుంది. మోటారు గింజుకుని గింజుకుని నిజంగానే కాలుతుంది. తడిగుడ్డను చాకు పిడికి చుట్టి పట్టీలో రుద్దండి. నల్లటి మట్టి వస్తుంది. ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టించండి. కొబ్బరినూనె, గ్రీజు, ఇంజను ఆయిలు పుయ్యకండి. దుమ్ము ఇంకా అంటుకుంటుంది, రబ్బరు ఉబ్బుతుంది. నాలుగు అద్దాలూ మెల్లగా లేస్తుంటే బ్యాటరీ చూపించండి. ఇంజను నడుస్తుండగా చురుగ్గా లేచి, ఆపితే నీరసించినా బ్యాటరీయే.

దారిలో ఆగిపోతే ఏం చెయ్యాలి? ఒకరు మీట ఎత్తే వైపు నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు రెండు అరచేతులతో అద్దాన్ని లోపలా బయటా ఆనించి పైకి నెట్టాలి. అప్పుడే తలుపు మీద మోటారు ఉన్నచోట పిడికిలితో రెండు దెబ్బలు వెయ్యండి. అరిగిన మోటారు ఒక్కసారికి లేస్తుంది. లేచాక దించొద్దు, అలాగే షాపుకు పోండి. లేవకపోతే చీర ఉండనే ఉంది.

పిల్లల సంగతి చెప్పకుండా వదలను. మోటారుకు అద్దమా, మెడా అని తెలియదు. మా చెల్లెలి మనవడు నాలుగేళ్లవాడు. ఆగిన బండిలో సీటు మీద మోకాళ్లు పెట్టి తల బయటికి పెట్టాడు. వాడి మోకాలే మీటకు తగిలింది. అద్దం లేచి మెడకు ఆనింది. వాడు అరవలేకపోయాడు. పక్కనే ఉన్నాను కాబట్టి మీట రెండోవైపు నొక్కాను. రెండు రోజులు మెడ మీద గీత ఉంది. పాత బండ్లలో నొక్కితే అద్దం లేచే మీటలు ఉంటాయి. వేలితో పైకి లాగితేనే లేచే మీటలు కొంత నయం. ఏ మీట ఉన్నా, పిల్లలు ఎక్కితే ఆ చిన్న తాళం నొక్కండి. దిగేటప్పుడు చెవి తీసుకునే దిగండి. చెవి బండిలో ఉంటే అద్దాలకు ప్రాణం ఉన్నట్టే.

అద్దాలు మూసిన బండిలో పిల్లలను ఒక్క నిమిషం కూడా వదలకండి. ఎండలో పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరగవచ్చు. చెవి లేని బండిలో మీట నొక్కినా అద్దం దిగదు. పసివాళ్లకు తలుపు తియ్యడం రాదు. దాగుడుమూతలాడుతూ బండిలోకి ఎక్కుతారు. ఇంటి ముందు నిలిపినా బండికి తాళం వెయ్యండి.

ఇక షాపు దగ్గర. "అద్దం పోయింది" అని చెప్పకండి. "ఫ్యూజు బాగుంది, స్విచ్చు మార్చి చూశాం, తలుపు ఊపితే కదులుతోంది" అని చెప్పండి. అతను మీ వంక చూసే చూపే మారుతుంది. ఏది మార్చినా పాత సామాను ఇవ్వమని ముందే చెప్పండి. అది మనదే కదా, మన డబ్బుతో కొన్నదే. ప్యాడ్ లోపల పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. విప్పినవాళ్లు దాన్ని చించి పారేస్తారు. అది లేకపోతే వాననీళ్లు లోపలికి దిగి మోటారుకు తుప్పు పడుతుంది. మళ్లీ అంటించమని దగ్గర నిలబడి చెప్పండి. తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న చిల్లులుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే పుల్లతో పొడవండి.

ఆ 3,800 కాగితం ఏమైందని అడుగుతారేమో. దాచి ఉంచాను. రాత్రి బడిలో చేరిన నాలుగో నెలలో తీసి చదివాను. కూడబలుక్కుని చదివాను. దాని మీద "ఎలక్ట్రికల్ పని" అని ఒక్క ముక్క, 3,800 అనే అంకె. అంతే ఉంది. మోటారు అనే మాటే లేదు! తారీకు లేదు, బండి నంబరు లేదు. ఆ కాగితం పట్టుకుని పోయి ఏమని అడగను? అతను మోటారు అని రాయకపోవడం మరచిపోయి కాదు. నాకు చదువు రాదని చూసే రాయలేదు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఇప్పుడు నేను బిల్లు చేతికి ఇవ్వగానే అక్కడే నిలబడి చదువుతాను. ఏ సామాను మార్చారో దాని పేరు, ధర, కూలి వేరువేరుగా రాయమంటాను. తారీకు, బండి నంబరు వేయిస్తాను. వెనక బండి వాళ్లు హారన్ కొట్టినా సరే, చదవడం అయ్యేదాకా కదలను.

మీలో ఎవరైనా డ్రైవింగు నేర్చుకోవాలనుకుంటే ఒక మాట. కిరాయి బండి లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసవ్వాలని ఇదివరకు నియమం ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. నాకు లైసెన్సు వచ్చింది ఆ తర్వాతే.

చాలాసేపు కూర్చోబెట్టాను. ఇంకా వెలుగుంది. బండి బయట చింతచెట్టు కింద పెట్టాను. కుడి వెనక తలుపు ప్యాడ్ విప్పే ఉంచాను. ఒక ఫ్యూజు తీసి నా దగ్గర దాచాను. ఏ ఫ్యూజు తీశానో చెప్పను. మూత మీద చదివి మీరే చెప్పాలి. గాజులు తీసి కొంగున కట్టుకుని రండి.